ఖాళీ చేయుటకును ఖాళీ కావలెను

పాతబడిన చేతిపంపు వాడువారికి ఒక సంగతి బాగుగా తెలియును. లోపలి తోలు ఎండిపోయినచో ఎంత కొట్టినను నీరు రాదు. పైనుండి చెంబెడు నీరు పోసినచో తోలు తడిసి, గాలి చొరబడు సందులు మూసికొని, పంపు నీటిని లాగును. అనగా నీరు రావలెనన్న ముందు కొంత నీరు ఉండవలెను. ఆ చెంబెడు నీటిని ఎవరైన త్రాగివేసినచో ఏమగును? భూమిలో నీరున్నను దాహముతో నిలువవలసినదే.

కంప్యూటరు మెమరీలోను సరిగా ఇట్టి చిక్కే ఏర్పడవచ్చును. అప్పుడు ఏ భాగమును చెడిపోకయే యంత్రము బిగుసుకొని నిలిచిపోవును. ఈ స్థితిని ప్రతిష్టంభన యందురు. ఇది యెట్లు కలుగునో, దీనిని ఎట్లు నివారించుచున్నారో తెలిసికొందము.

మాసిన పుటలు

కంప్యూటరులో సమాచారమును ముఖ్యముగా రెండు చోట్ల ఉంచుదురు. మొదటిది మెమరీ. ఇది మిక్కిలి వేగముగలది. కాని కరెంటు పోయినచో ఇందులోనిదంతయు మాయమగును. రెండవది డిస్కు. ఇది నెమ్మదియైనది, కాని వ్రాసినది నిలిచియుండును. ఈ రెంటిని ప్రోగ్రాములకు పంచి ఇచ్చునది ఆపరేటింగ్ సిస్టము. ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్స్ అట్టి వాటిలో ఒకటి. నేటి ఆండ్రాయిడ్ ఫోనులకు ఆధారము అదియే. కనుక దానినే ఉదాహరణముగా తీసికొందము.

లినక్స్ మెమరీని పుటలుగా విభజించును. సాధారణముగా ఒక్కొక్క పుట 4,096 బైట్లు. ఒక ఉపాధ్యాయుడు తరగతి మార్కులను టైపుచేసి భద్రపరచె ననుకొందము. అవి వెంటనే డిస్కునకు చేరవు. ముందు మెమరీలోని పుట మాత్రమే మారును. డిస్కులోని ప్రతికంటె కొత్తదైన ఇట్టి పుటను ‘మాసిన పుట’ అందురు. సాధారణ ఏర్పాటులో లినక్స్ 5 సెకండ్లకొకసారి మేల్కొని, 30 సెకండ్లు దాటిన మాసిన పుటలను డిస్కునకు వ్రాయును. పలుమార్లు కొంచెము కొంచెముగా వ్రాయుటకంటె ఒకేసారి వ్రాయుట లాభము గదా! బ్యాంకు లెక్కల వంటివి నడుపు ప్రోగ్రాములు మాత్రము వెంటనే వ్రాయుమని ప్రత్యేకముగా కోరును.

ఈ నడుమ యంత్రము బిగుసుకొనిపోయి, దానిని ఆర్పివేయవలసి వచ్చినచో ఆ మార్కులు పోయినట్లే. అందుచేత ఈ విషయము ఇంజనీర్లకు మాత్రమే సంబంధించినది కాదు.

విషవలయము

మెమరీ నిండినపుడు ఆపరేటింగ్ సిస్టము కొన్ని పుటలను ఖాళీ చేయవలెను. మాయని పుటను వెంటనే వదలివేయవచ్చును. దాని ప్రతి డిస్కులో ఉన్నది. మాసిన పుటను మాత్రము ముందు డిస్కునకు వ్రాయవలెను. ఏ పుటను డిస్కులో ఏ చోట వ్రాయవలెనో తెలుపు ఉత్తరువు ఒకటి తయారు కావలెను. ఆ ఉత్తరువును ఉంచుటకును మెమరీ కావలెను! మెమరీ ఖాళీ కావలెనన్న వ్రాయవలెను. వ్రాయవలెనన్న మెమరీ ఖాళీగా ఉండవలెను. చెంబులోని నీటిని త్రాగివేసిన కథయే ఇది.

ఈ చిక్కునకు మరియొక రూపము కలదు. ఫైళ్ల పద్దు చూచు భాగము, ఇతరులు మధ్యలో మార్చకుండ పద్దునకు తాళమువేసి, పనిలో నుండగా కొంత మెమరీ కోరినది. మెమరీ భాగము “ఖాళీ లేదు, మాసిన పుటలను వ్రాయింతును” అని తిరిగి ఫైళ్ల భాగమునే పిలిచినది. ఆ వ్రాతకు అదే తాళము తీయవలెను. తాళము వేసినవాడు మెమరీ కొరకును, మెమరీ తాళము కొరకును వేచియుండును. ఈ నిరీక్షణకు అంతము లేదు.

నాలుగు షరతులు

1971లో కాఫ్‌మన్, ఎల్ఫిక్, షోషానీ అను ముగ్గురు, ప్రతిష్టంభనకు నాలుగు షరతులు కలిసి రావలెనని వివరించిరి. ఒక వస్తువు ఒకేసారి ఒక్కరికే ఉపయోగపడుట మొదటిది. ఒకటి చేతనుంచుకొని మరియొకదానికై వేచియుండుట రెండవది. చేతనున్నదానిని బలవంతముగా లాగికొనరాకుండుట మూడవది. ఒకరికై ఒకరు వలయముగా వేచియుండుట నాలుగవది. వీనిలో ఏ ఒక్కటి తప్పినను ప్రతిష్టంభన కలుగదు.

దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. ఇద్దరు విద్యార్థులకు ఒకే స్కేలు, ఒకే వృత్తలేఖిని ఇచ్చి, రెండును కావలసిన పటమును గీయుమనుడు. ఒకరు స్కేలును, వేరొకరు వృత్తలేఖినిని పట్టుకొని కూర్చున్నచో ఇద్దరి పటమును సాగదు. “ఎవరైనను ముందు స్కేలునే తీసికొనవలెను” అని నియమము పెట్టుడు. వలయము తెగిపోవును. లినక్స్‌లోను తాళములకు ఇట్టి వరుస కలదు. ఆ వరుస తప్పినచో హెచ్చరించు పరీక్షాసాధనము 2006లో చేరినది.

చెంబెడు నీరు

మెమరీ చిక్కునకు మూడు ఉపాయములు ముఖ్యమైనవి.

మొదటిది, మాసిన పుటలను పెరుగనీయకుండుట. ఖాళీగా నున్న, సులభముగా ఖాళీ చేయదగిన మెమరీలో ఇవి 10 శాతము దాటినచో వ్రాత వెనుకనుండి మొదలగును. 20 శాతమునకు చేరినచో కొత్తగా వ్రాయు ప్రోగ్రామునే ఆపి నిలిపియుంచును. ఇవి సాధారణ ఏర్పాటులోని అంకెలు, కావలసినచో మార్చుకొనవచ్చును.

రెండవది, అడుగువాడు తన స్థితిని తెలుపుట. ఫైళ్ల భాగము మెమరీ కోరునపుడు “నా కొరకు తిరిగి ఫైళ్ల పనిలోనికి పోవలదు” అను గుర్తు పెట్టును. అప్పుడు మెమరీ భాగము మాయని పుటలవంటి వేరు చోట్లనే వెదకును.

మూడవది, నిలువ. డిస్కు ఉత్తరువుల కొరకు కొంత మెమరీని ముందే కేటాయింతురు. మామూలు మెమరీ దొరకనపుడే దానిని ముట్టుకొందురు. వ్రాత ముగియగానే ముందు ఆ నిలువను నింపుదురు. పంపు నడిచిన వెంటనే చెంబు నింపి ప్రక్కన పెట్టినట్లు. నిలువయు అయిపోయినచో వేచియుండవలసినదే. కాని ఈ నిరీక్షణకు భయము లేదు. ఇదివరకే సాగుచున్న వ్రాత ముగిసి, దాని మెమరీ తప్పక తిరిగివచ్చును.

డిస్కు వేరొక కంప్యూటరులో ఉండి, పుటలను నెట్‌వర్కు మీదుగా పంపవలసివచ్చినచో చిక్కు ఇంకను ఎక్కువ. “అందినది” అను జవాబు వచ్చుటకును మెమరీ కావలెను. వచ్చిన పొట్లము ఎవరిదో విప్పి చూచిన గాని తెలియదు. 2012లో లినక్స్ దీనికొక పరిష్కారము చేర్చినది. నిలువ మెమరీతోనే పొట్లమును అందుకొని, అది ఈ పనికి చెందనిదైనచో పారవేయును. ముఖ్యమైనదైనచో పంపినవారు మరల పంపుదురు.

ఇవి యన్నియు చాలనపుడు లినక్స్ ఒక ప్రోగ్రామును బలవంతముగా ముగించి దాని మెమరీని లాగికొనును. ఇది మూడవ షరతును త్రెంచుట. అయితే ఆ ప్రోగ్రాములోని పని నష్టమగును. కనుక ఇది చివరి ఉపాయము మాత్రమే.

మెమరీ ఎంత పెంచినను ఈ చిక్కు దానంతట తొలగదు. పెద్ద మెమరీయు నిండును. ఖాళీ చేయువానిని ఖాళీ కొరకు వేచియుండనీయరాదు. ఎంత కరవు వచ్చినను, పంపు ప్రక్కన చెంబెడు నీరు మిగులవలెను.