కంప్యూటరు చిట్టాను ఎన్నాళ్ళుంచవలె?

జమాఖర్చు తెలిసిన వర్తకుని దుకాణంలో రెండు పుస్తకాలుంటాయి. ఏనాటి లావాదేవీ ఆనాడు వరుసగా పడేది చిట్టా. ఎవరి పేర ఎంత నిలిచి ఉన్నదో విడదీసి చూపేది ఆవర్జా. లినక్స్ వ్యవస్థతో నడిచే కంప్యూటరులో కూడా ఇట్టి ఏర్పాటే ఉన్నది. ప్రోగ్రాములను తెచ్చి అమర్చడానికీ, మార్చడానికీ, తీసివేయడానికీ అందులో ప్యాకేజీ మేనేజరు అనే సాధనం ఉంటుంది. ఇప్పుడు ఏ ప్యాకేజీ ఏ వెర్షనులో ఉన్నదో అది ఒక పట్టికలో వ్రాసుకుంటుంది. ఇది ఆవర్జా. ఏ తేదీన, ఏ గంటకు దేనిని తీసి దేనిని పెట్టినదీ వేరొక ఫైలులో వ్రాస్తుంది. దీనికి లాగ్ అని పేరు. మనం చిట్టా అందాము. ఆవర్జాకు నిన్నటి సంగతి తెలియదు. చిట్టాకు తెలుసు, అది మిగిలి ఉన్నంతవరకు.

ఈ భేదం ఎంత ముఖ్యమో 2024 మార్చిలో తెలిసివచ్చింది. ఎక్స్‌జడ్ అనేది ఫైళ్ళను కుదించే చిన్న సాధనం. దాని 5.6.0, 5.6.1 వెర్షన్లలో, బయటివారు యంత్రంలోనికి చొరబడడానికి వీలుగా ఒక దొంగతలుపును రహస్యంగా అమర్చారు. లాగిన్‌కు సుమారు అరసెకను అధికంగా పడుతున్నదేమా అని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఆ నెల 29వ తేదీన ఆ గుట్టు బయటపెట్టాడు. డెబియన్ వారి స్థిరశాఖకు ఆ బెడద సోకలేదు గాని, టెస్టింగ్, అన్‌స్టేబుల్ శాఖలకు సోకింది. వారు వెంటనే పాత 5.4.5నే తిరిగి ఇచ్చారు. అయితే ప్యాకేజీ మేనేజరు దానిని కొత్తదని తలచి స్వీకరించవలె గదా! అందుచేత '5.6.1+రియల్లీ5.4.5' అని పేరు పెట్టారు. నవ్వు పుట్టించే పేరే, కాని పని జరిగింది.

మరునాడు ఆవర్జా చూచినవానికి యంత్రం నిర్దోషిగానే కనిపిస్తుంది. కాని ఆ చెడ్డ వెర్షను అంతకుముందు మన యంత్రంలో ఉన్నదా? ఉంటే ఏ తేదీనుంచి ఏ తేదీవరకు? తాళాలు మార్చితే చాలునా, యంత్రాన్నే మొదటినుంచి కట్టవలెనా అన్న నిర్ణయానికి ఈ తేదీలే ఆధారం. అవి చిట్టాలోనే ఉంటాయి.

డెబియన్, ఉబుంటు యంత్రాలలో ఇట్టి చిట్టాలు ముఖ్యంగా మూడు. డీపీకేజీ లాగ్ ప్రతి ప్యాకేజీ ప్రతి మెట్టునూ వ్రాస్తుంది. ఆప్ట్ వారి హిస్టరీ లాగ్ ఏ ఆజ్ఞ వలన ఏమేమి మారినదీ, చాలా సందర్భాలలో ఎవరు కోరినదీ చెబుతుంది. టెర్మ్ లాగ్‌లో ఆ సమయాన తెరమీద కనిపించిన మాటలుంటాయి. లాగ్‌రొటేట్ అనే మరొక సాధనం నెలకొకసారి వీటిని పక్కకు తీసి, కుదించి, కొత్త ఫైలు ప్రారంభిస్తుంది. మామూలు ఏర్పాటులో 12 పాత ఫైళ్ళు నిలుస్తాయి. పదమూడవది రాగానే అన్నిటికంటె పాతది పోతుంది. ఏమీ వ్రాయని నెలలో ఫైలు మారదు కనుక, తక్కువగా వాడే యంత్రంలో ఆ 12 ఫైళ్ళు ఏడాదికి మించిన కాలాన్నే చెప్పవచ్చు.

ఇంటి యంత్రానికి ఇది చాలును. నలుగురి పని ఆధారపడిన యంత్రానికి మూడేళ్ళు ఉంచడం మేలని నా అభిప్రాయం. లాగ్‌రొటేట్ నిబంధనల డైరెక్టరీలో ఆప్ట్, డీపీకేజీ అనే రెండు చిన్న ఫైళ్ళున్నాయి. రెండింటిలోను 'రొటేట్ 12' అన్నచోట 36 అని వ్రాస్తే సరి. ఒకదానిని మార్చి రెండవదానిని మరువరాదు. ఇవి అక్షరాల ఫైళ్ళు, కుదిస్తే బాగా చిన్నవవుతాయి. డిస్కులో చోటు చాలదన్న భయం ఇక్కడ పెద్దగా పనిలేనిది. జాగ్రత్త పడవలసినది 'సైజ్' అనే మాట విషయంలో. అది చేర్చితే నెల లెక్క పోయి పరిమాణం లెక్క వస్తుంది. పెద్ద మార్పులు వెంటవెంట జరిగిన వారంలో ఫైళ్ళు త్వరత్వరగా మారి, పాత నెలలు వెనుకనుంచి రాలిపోతాయి. మార్చిన తరువాత 'డి' గుర్తుతో లాగ్‌రొటేట్‌ను నడిపితే, ఏమి చేయబోతున్నదో చెప్పి ఊరుకుంటుంది, చేయదు.

ఆర్చ్ లినక్స్‌లోని ప్యాక్‌మ్యాన్ పద్ధతి వేరు: ఒకే ఫైలులో వ్రాసుకుంటూ పోతుంది, తనంతట తాను దేనినీ తీసివేయదు.

ఎన్నేళ్ళుంచినా, చిట్టా అదే యంత్రంలో ఉన్నంతకాలం ఒక లోపం మిగులుతుంది. పూర్ణాధికారంతో లోపలికి వచ్చినవాడు దానినికూడా దిద్దగలడు. కనుక నెలకొకసారి కుదించిన ఫైలును వేరొక డిస్కుకు నకలు తీసి ఉంచవలె. అవసరమైనపుడు దానిని విప్పనక్కరలేదు. జడ్‌గ్రెప్ అనే ఆజ్ఞకు ప్యాకేజీ పేరు ఇస్తే, డీపీకేజీ లాగ్‌లో ఆ పేరున్న పద్దులన్నీ తేదీలతో తెరమీద కనిపిస్తాయి.