టాపు తీస్తే.. బెల్టే దిక్కు!

* ఓపెన్ జీపు, కన్వర్టిబుల్ కారు తీసే ముందు పది నిమిషాలు ఆగండి
* కొండదారిలో సరదా ప్రాణం మీదికి రాకూడదంటే..

బి. మల్లాపురం (ధర్మపురి):
సెలవు దొరికితే చాలు, మనసు కొండమీదికి లాగుతుంది. బొమ్మిడి రైల్వే స్టేషన్ దిగి దక్షిణం వైపు చూస్తే శేర్వరాయన్ కొండలు రమ్మని పిలుస్తున్నట్టే ఉంటాయి. ఆ కొండల మీదే ఏర్కాడు. అక్కడికి మామూలు కారులో పోవడం ఒక ఎత్తు, టాపు తీసిన బండిలో గాలి మింగుతూ పోవడం ఇంకో ఎత్తు. అందుకే ఓపెన్ జీపు కనబడితే పిల్లలు ముందే ఎక్కి కూర్చుంటారు. కూర్చుంటే ఫర్వాలేదు. బండి కదలగానే లేచి నిలబడతారు. వెనక అంచు మీద కాళ్లు వేలాడేసి కూర్చుని ఫొటోలు తీసుకునే కుర్రాళ్లూ ఉంటారు.

చూసేవాళ్లకు ముచ్చటగానే ఉంటుంది. ఎదురుగా ఓ మేక అడ్డమొచ్చి డ్రైవరు గట్టిగా బ్రేకు తొక్కితే? బండి ఆగుతుంది, నిలబడ్డ పిల్లాడు ఆగడు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

చైతన్యరథం నేర్పే పాఠం
టాపు లేని బండి తెలుగువాళ్లకు కొత్తేం కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మన దేశంలో తయారైన జీపులు పల్లెపల్లెకూ వెళ్లాయి. గుడ్డ టాపు కట్టుకుని పొలానికీ, అడవికీ, ఎన్నికల ప్రచారానికీ తిరిగాయి. 1982లో తెలుగుదేశం పార్టీ పెట్టిన ఎన్టీ రామారావు, పాత షెవ్రొలే వ్యానును మార్పించి 'చైతన్యరథం' చేసుకున్నారు. దాని పైకెక్కి మాట్లాడుతూ రాష్ట్రమంతా చుట్టారు. ఆ రథానికి సారథి ఆయన కొడుకు నందమూరి హరికృష్ణ.

రథం మీద అన్ని వేల కిలోమీటర్లు తండ్రిని తిప్పిన ఆ సారథి 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో కారు ప్రమాదంలో చనిపోయారు. కారు తనే నడుపుతున్నారు. బోల్తా పడిన కారులోంచి బయటికి విసిరేసినట్టు పడ్డారు. సీటుబెల్టు పెట్టుకోలేదని పోలీసులు అప్పట్లో చెప్పారు. అది నాలుగు తలుపులూ, ఇనప కప్పూ ఉన్న కారు. కప్పున్న బండే మనిషిని పట్టి ఉంచలేకపోతే, కప్పు లేనిది పట్టుకుంటుందా? టాపు తీసిన బండిలో మనల్ని సీటుకు కట్టి ఉంచేది బెల్టు ఒక్కటే.

లెక్క చూసినా అంతే. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండిలోంచి పడితే రెండంతస్తుల మేడ మీదినుంచి పడినట్టు. 60లో పడితే నాలుగంతస్తులు దాటినట్టు. 'మెల్లగానే పోతున్నాం కదా' అనుకునే వేగాలే ఇవి.

బయల్దేరే ముందు
ఇంటి దగ్గరే పది నిమిషాలు కేటాయిస్తే దారిలో గంటలు మిగులుతాయి.
* టైర్లలో గాలి బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీదో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. స్టెప్నీ సంగతి మరవద్దు.
* బ్రేకు ఆయిలు, రేడియేటరు నీళ్లు, వైపర్లు, హారను, లైట్లు చూసుకోవాలి. ఎండాకాలమైనా వైపర్లు పనిచేయాల్సిందే.
* ప్రతి సీటు బెల్టునూ లాగి, పెట్టి, విప్పి చూడాలి. ఎండకూ వానకూ తడిసి ఎండే బండిలో బెల్టు గుడ్డ అంచులు పీచు లేస్తాయి, బకిల్‌లో దుమ్ము చేరుతుంది. ఒక్కసారి గట్టిగా గుంజితే లాక్ పడాలి. పడకపోతే ఆ సీట్లో ఎవరినీ కూర్చోబెట్టొద్దు.
* వెనక ఎదురెదురుగా బల్లల్లా ఉండే పాతకాలం సీట్లకు చాలా బండ్లలో బెల్టే ఉండదు. పిల్లల్ని వాటిలో కొండెక్కించొద్దు. ముందుకు చూసే, బెల్టున్న సీటులోనే కూర్చోబెట్టాలి. చిన్నపిల్లలకైతే వాళ్ల సైజు సీటు వేరే బిగించాలి.
* నీళ్ల సీసా, టిఫిను క్యారియరు, జాకీ.. ఏదీ వదులుగా ఉండకూడదు. బోల్తా పడితే అవే తలకు తగులుతాయి. పేపరు ముక్క ఎగిరినా వెనకొచ్చే మోటారుసైకిలు వాడి కళ్లకు అడ్డం.

టాపు మడిచేటప్పుడు
బండిని చదునైన చోట ఆపి, హ్యాండుబ్రేకు వేసి పని మొదలుపెట్టాలి. గుడ్డ తడిగా ఉంటే మడవొద్దు. తడి గుడ్డ మడతల్లో బూజు పడుతుంది, కుట్లు పాడవుతాయి. వెనక కిటికీ ప్లాస్టిక్కుదైతే దుమ్ము తుడవకుండా మడిస్తే గీతలు పడి, ఆ తర్వాత వెనక ఏముందో కనబడదు. నీళ్లు పోసి మెత్తటి గుడ్డతో తుడిచాకే మడవాలి.

కొక్కేలు, పట్టీలు అన్నీ పడ్డాయో లేదో చేత్తో లాగి చూడాలి. సగం పడిన కొక్కెం ఇంటి దగ్గర బాగానే ఉంటుంది. వేగం అందుకున్నాక గాలి కిందికి దూరి టాపును పైకి లేపుతుంది. మడిచిన టాపు అద్దంలో వెనక దారిని కప్పేస్తే పక్క అద్దాలు సరిచేసుకోవాలి.

బటన్ నొక్కితే తెరుచుకునే ఖరీదైన కార్లలో ఇంకో జాగ్రత్త. టాపు డిక్కీలోకి పోయే చోట సామాను పెడితే మధ్యలో ఇరుక్కుంటుంది. టాపు కదులుతున్నంతసేపూ పిల్లల చేతులు దగ్గరికి రానీయొద్దు. బండి కదులుతుండగా మూయొచ్చా, ఎంత వేగం వరకు మూయొచ్చు అన్నది కారు కారుకూ తేడా. పుస్తకం చదవకుండా ప్రయోగాలు వద్దు.

కొంగు, చున్నీ జాగ్రత్త
1927 సెప్టెంబరు 14న ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో పేరుమోసిన నర్తకి ఇసడోరా డంకన్ ఓపెన్ కారెక్కారు. మెడలోని పొడవాటి స్కార్ఫ్ చక్రంలో చుట్టుకుని ప్రాణం పోయింది. మన దగ్గర చీర కొంగు, చున్నీ, భుజాన తువ్వాలు.. ఏదైనా అంతే. లోపలికి దోపుకుని, ఆపైన బెల్టు పెట్టుకోవాలి. పొడవు జుట్టు ముడేసుకోవాలి. గాలి తగులుతుంటే ఎండ తెలియదు. ఇల్లు చేరాక మొహం మండుతుంది. టోపీ, కళ్లద్దాలు, నీళ్లు తప్పనిసరి. గాలి హోరులో వెనక లారీ హారను సరిగా వినిపించదు. అందుకే పాటల సౌండు తగ్గించి, అద్దాలు మాటిమాటికీ చూస్తుండాలి.

ఎక్కిన గేరులోనే దిగాలి
సేలం నుంచి ఏర్కాడు ఎక్కే దారిలో 20 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. 2024 ఏప్రిల్ 30న ఈ దారిలోనే ఓ ప్రైవేటు బస్సు లోయలో పడి పలువురు చనిపోయారు. ధర్మపురి - సేలం మధ్య 44వ నంబరు జాతీయ రహదారిలో తొప్పూరు ఘాట్ సంగతి ఈ జిల్లాలో చిన్నపిల్లాడినడిగినా చెబుతాడు. 2024 జనవరి 24న అక్కడ లారీలు, కార్లు ఢీకొని నలుగురు బలయ్యారు.

దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే డీజిలు మిగులుతుందనుకోవడం తప్పు. న్యూట్రల్‌లో ఇంజిను బండిని పట్టి ఉంచదు, భారమంతా బ్రేకు మీదే పడుతుంది. కాలిన బ్రేకు ఎంత తొక్కినా పట్టదు. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట ఇప్పటికీ చెల్లుతుంది. ఇరుకు చోట ఎక్కే బండికి దారివ్వాలి. నియమం కూడా అదే. జీపులు ఎత్తుగా ఉంటాయి. మలుపులో వేగం తగ్గించకపోతే ఒరిగిపోతాయి. పైన ఇనప కడ్డీల చట్రం ఉన్నా, బెల్టు లేకపోతే మనిషి ఆ చట్రంలో ఉండడు.

వాన, పిడుగు
వాన మొదలయ్యాక మలుపులో ఆపి టాపు వేయడమంటే కోరి కష్టం తెచ్చుకోవడమే. మబ్బు కనబడగానే, రోడ్డు దిగి ఆపే చోటు చూసుకుని వేసేయాలి. ఇనప కారులో ఉంటే పిడుగు పడినా కరెంటు పైకప్పు మీదుగా, బాడీ మీదుగా నేలలోకి పోతుంది. గుడ్డ టాపుకు ఆ రక్షణ లేదు. ఉరుములు మొదలైతే చెట్టు కింద ఆపొద్దు, పక్కా కట్టడంలోకి పోవాలి.

కోస్తే కన్వర్టిబుల్ కాదు
2020 అక్టోబరులో కొత్త థార్ వచ్చినప్పుడు మడిచే టాపు రకాన్నీ కంపెనీయే ఇచ్చింది. అది చూసి మామూలు కారు కప్పు కోయించాలని మోజుపడేవారూ ఉంటారు. మామూలు కారులో కప్పు కూడా బలమిచ్చే భాగమే. కంపెనీ కన్వర్టిబుల్ చేస్తే నేల, పక్క దూలాలు, ముందు అద్దం చట్రం గట్టి చేస్తుంది. షెడ్డులో కోసిన కారుకు అవేవీ ఉండవు. డబ్బా మూత తీసినట్టు బాడీ ఊగుతుంది.

చట్టమూ ఒప్పుకోదు. కంపెనీ ఇచ్చిన అసలు రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు. బెల్టు పెట్టుకోకపోయినా, 14 ఏళ్లలోపు పిల్లలకు పెట్టకపోయినా రూ. 1,000. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర పేచీ అదనం.

జరిమానా ఇవాళ కట్టి రేపు మరిచిపోవచ్చు. జీపు వెనక నిలబడ్డ పిల్లాడి సంగతి అలా కాదు. ఈసారి కొండకు పోయేటప్పుడు తాళం తిప్పే ముందు వెనక్కి తిరిగి చూడండి. అందరూ కూర్చున్నారా? అందరి బెల్టులూ టిక్కుమన్నాయా? అప్పుడు తీయండి టాపు. గాలి ఎక్కడికీ పోదు.