కథ మూట, పుస్తకాల మూట

సాయంకాలము ఆరు గంటల వేళ ఉప్పల్ కూడలిలో నిలిచి చూచినచో, వరంగల్లు బాటను పట్టి బోడుప్పల్, నారపల్లి, ఘట్‌కేసరు వైపునకు పోవు బస్సుల కొరకు ఎదురుచూచు జనసమూహములో, కూరగాయల సంచులకును అన్నపు డబ్బాలకును నడుమ, ఒకానొక గుడ్డసంచి చదరపు మూలలతో బిగిసి కానవచ్చును. అందున్నవి పుస్తకములు. వానిని వ్రాసినవాడును, అచ్చు వేయించినవాడును, అమ్ముడుపోక మిగిలినవానిని ఇంటికి మోసికొని పోవుచున్నవాడును ఒక్కడే. నేనును అట్టి సంచి నొకదానిని చాలాకాలముగా మోయుచున్నవాడనే గనుక, ఈ వృత్తిని గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు సాహసించుచున్నాను.

స్వతంత్ర రచయిత యనగానే వినువారికి తోచునది తీరిక. ఎవరి యాజ్ఞకును లోబడక, మనసు పుట్టినపుడు వ్రాసి, పుట్టనపుడు ఊరకుండు పుణ్యాత్ముని వారు ఊహింతురు. వాస్తవమున ఈతని స్వాతంత్ర్యము పనినుండి విముక్తి కాదు. పనులన్నియు తన మీదనే పడుట. కథ కల్పించుట మొదలు, ప్రూఫులు దిద్దుట, అచ్చుకూలి చెల్లించుట, అట్టపెట్టెలను మేడ మీదికి చేర్చుట, తపాలా కార్యాలయమున వరుసలో నిలుచుట వరకు అన్నియు ఆయనవే. కథ యొక మూట, పుస్తకములు రెండవ మూట. మొదటిదానిని మాత్రమే సాహిత్యమనియు, రెండవదానిని తప్పనిసరి తద్దినమనియు తలచుట మనలో పరిపాటి. ఆ తలంపు సరియైనది కాదని చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

తెలుగు నవల పుట్టినదే ఈ త్రోవలో. కందుకూరి వీరేశలింగము 1874లో స్థాపించిన తన వివేకవర్ధనిలోనే 1878లో రాజశేఖర చరిత్రమును ప్రకరణములుగా వెలువరించి, 1880లో గ్రంథరూపమున తెచ్చెను. అనగా మన తొలి నవలాకారులలో అగ్రగణ్యుడు తన పత్రికకు తానే సంపాదకుడు, తన గ్రంథమునకు తానే ప్రకాశకుడు. ఆ పిమ్మట శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి రాజమహేంద్రవరమున ప్రబుద్ధాంధ్ర పత్రికను నడిపి, ఆ వ్యాపారమునందలి కష్టనష్టములను స్వయముగా అనుభవించెను. మన కాలమునకు వచ్చినచో, రంగనాయకమ్మ తన గ్రంథములను స్వీట్‌హోమ్ పబ్లికేషన్స్ పేర తానే ప్రచురించుచు, వందలకొలది పుటల గ్రంథమునైనను సామాన్యుడు కొనగలిగిన వెలకే ఇచ్చుట పాఠకులందరు ఎరిగినదే.

అయితే మా జంటనగరముల పరిసరములలో ఈ మార్గమునకు పెద్దదిక్కు వట్టికోట ఆళ్వారుస్వామి. 1915లో నల్లగొండ జిల్లా చెరువు మాదారమున జన్మించిన ఈ మహాశయుడు, బడి చదువులకు నోచుకొనని పేదరికమున, ఒకరి యింట వంటపని చేయుచు అక్షరములు నేర్చి, హోటలులో పనిచేసి, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్ది, 1938లో సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పెను. నిజాము రాజ్యమున తెలుగు పుస్తకము దొరకుటయే గగనమైన ఆ దినములలో, ముప్పదికి పైగా గ్రంథములను ప్రకటించి, వానిని మూటగట్టుకొని ఇల్లిల్లు తిరిగి అమ్మెను. సభలలో అమ్మెను, ఊళ్ల వెంట నడచి అమ్మెను. ప్రజోద్యమములలో పాల్గొని జైలుకు పోయి, అచ్చటి మనుష్యులను గూర్చి జైలు లోపల కథలు వ్రాసెను. ఆయన నవల ప్రజల మనిషి వెలువడినది 1955లో. గ్రంథమాల ప్రారంభమునకును ఈ నవలకును నడుమ పదునేడేండ్లు గడచినవి. ఈ పదునేడేండ్లను పాఠకులు మనసున నుంచుకొందురు గాక. వానితో మరల పని యున్నది.

కథలతో కడుపు నిండుట మన దేశమున ఏనాడును అరుదే. కాళీపట్నం రామారావు విశాఖపట్టణమున బడిపిల్లలకు లెక్కలు చెప్పుచు కథలు వ్రాసెను. రావిశాస్త్రి న్యాయవాది. పాలగుమ్మి పద్మరాజు రసాయనశాస్త్రోపన్యాసకుడు. న్యూయార్కు హెరాల్డ్ ట్రిబ్యూన్ వారి అంతర్జాతీయ కథల పోటీలో 1952లో ద్వితీయ బహుమతి నందుకొన్న గాలివాన ఆ కలమునుండి వెలువడినదే. కొడవటిగంటి కుటుంబరావు 1952 మొదలు 1980లో కన్నుమూయువరకు చందమామ కొలువులో నుండెను. జ్ఞానపీఠ పురస్కృతుడు రావూరి భరద్వాజ హైదరాబాదు ఆకాశవాణిలో ఉద్యోగి. కావున ఘట్‌కేసరు రచయిత పగలు మరియొక పని చేయుచున్నాడన్నచో, అది ఆయన కొరత కాదు. తెలుగు కథాకారుల కులాచారము.

అట్టి రచయితకు వ్రాత వేళ ఎప్పుడు? తెల్లవారుజామున నాలుగున్నర మొదలు ఆరున్నర వరకు, ఇల్లు మేల్కొనకమునుపు. లేనిచో రైలులో. 2024 మార్చి మొదలు ఘట్‌కేసరు, లింగంపల్లి నడుమ ఎం.ఎం.టి.ఎస్. రైలు నడచుచున్నది, కూర్చుండుటకు చోటు దొరకినచో ఒక పుట, దొరకనిచో ఒక వాక్యము. ఆ వాక్యమునైనను సెల్‌ఫోనులో తనకు తానే సందేశముగా పంపుకొని, రాత్రి ఇంటికి వచ్చి చూచుకొనును. దినమునకు మూడు వందల మాటలు నియమముగా వ్రాయగలిగినచో మూడు నెలలలో చిన్న నవలకు సరిపడు ప్రతి సిద్ధమగును. అయితే అది వ్రాతప్రతి మాత్రమే. నవల యగుటకు దానిని మరి రెండుమూడు మారులు తిరుగ వ్రాయవలెను.

వస్తువునకు మాత్రము ఈ తూర్పు దిక్కున కొదువ లేదు. ఉప్పల్ చేరకమునుపే హబ్సిగూడలో కణశాస్త్ర, భూభౌతికశాస్త్ర పరిశోధనాలయములు, ఉత్తరమున నాచారము, చర్లపల్లి కార్ఖానాలు, నాచారముననే ఎన్.టి. రామారావు నెలకొల్పిన రామకృష్ణా స్టూడియో, చర్లపల్లిలో చెరసాల, పోచారమున కంప్యూటరు కంపెనీలు, ఏదులాబాదున గోదా రంగనాయకుల కోవెల. ఒక్క టీకొట్టు బల్ల మీద శాస్త్రజ్ఞుడును, లేతు పనివాడును, ప్లాట్ల బ్రోకరును, కోవెలకు పోవు ముసలమ్మయు తారసపడుదురు. అట్టి బల్ల యెదుట చెవి యొగ్గి కూర్చుండుట కథాశిల్పమున మొదటి పాఠము. మనుష్యుడు తన దుఃఖమును చెప్పునపుడు దుఃఖమను మాట వాడడు. బియ్యము ధర గూర్చియో, కొడుకు ఫోను చేయలేదనియో చెప్పును. ఆ మాటను, ఆ యాసను చెడగొట్టక పట్టుకొన్నచో పాత్ర తనంతట తానే లేచి నిలుచును. దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు నవలలో తెలంగాణపు పలుకుబడిని ఉర్దూ కలగలుపుతో సహా నిలిపిన పిమ్మట, మా ప్రాంతపు రచయితలు తమ యింటి భాషను గూర్చి సిగ్గుపడవలసిన అగత్యము తప్పినది. ఆ నవలకు 1971లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.

శిల్పమున రెండవ పాఠము కోత. దీనిని విమర్శకులకంటె అచ్చుయంత్రమే కఠినముగా నేర్పును. డెమ్మీ ఎనిమిదవ వంతు సైజులో పదునారు పుటలు ఒక ఫారము. నూట అరువది పుటల పుస్తకమునకు సరిగా పది ఫారములు. నవల నూట అరువదిమూడు పుటలకు పెరిగినచో, ఆ మూడు పుటల కొరకు మరియొక ఫారపు కాగితము, కూలి. అప్పుడు రచయిత ఎర్ర కలము పట్టి, తాను మురిసి వ్రాసిన సూర్యోదయ వర్ణనమును ఒకమారు, రెండుమారులు చదివి, నిట్టూర్చి కొట్టివేయును. కొట్టివేసిన పిదప దాని లోపము ఎవరికిని కనబడదు. కాగితపు ఖర్చునకు వెరచి చేసిన కోత, సాహిత్యమునకు మేలు చేసిన సందర్భములు నా యనుభవమున పెక్కు గలవు.

ఇక ముద్రణ సంగతులు. వెయ్యి ప్రతులైనచో ఆఫ్‌సెట్ గిట్టును. ప్లేట్ల ఖర్చు వెయ్యింటి మీద పరచుకొనును. నూరు ప్రతులే చాలుననువానికి డిజిటల్ ముద్రణ కలదు. ప్రతి యొక్కింటికి ఖర్చు హెచ్చైనను, మంచము క్రింద కట్టలు మూలుగవు. రచయిత యూనికోడులో టైపు చేసినదానిని డి.టి.పి. వారు ‘అను’ పేరుగల ఫాంట్లలోనికి మార్చునపుడు కొన్ని ఒత్తులు, కొన్ని పొల్లులు చెదరిపోవును గనుక, తిరిగి అక్షరమక్షరము ప్రూఫు చూడక తప్పదు. నా మొదటి సంపుటికి ఇంత జాగ్రత్త పడియు, బైండింగు సంగతి మరచితిని. ఒక ముద్రణాలయమువారు కొన్ని ప్రతులలో ఒక ఫారమును తలక్రిందులుగా కుట్టి పంపిరి. కథానాయిక పెండ్లి పందిటిలో నుండగా పుస్తకమును త్రిప్పి పట్టుకొనవలసి వచ్చెను.

ఐ.ఎస్.బి.ఎన్. అను పదుమూడంకెల సంఖ్యను రాజా రామమోహన రాయ్ పేర నున్న జాతీయ సంస్థ వెల లేకుండ ఇచ్చును. రచయిత తన పేరనే దరఖాస్తు చేసికొనవచ్చును. 1954 నాటి చట్టము ననుసరించి ప్రకాశకుడు తన ఖర్చుతో కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, మరి మూడు గ్రంథాలయములకును ప్రతులు పంపవలెను. ఈ నియమమును భారమని విసుగుకొనువారు కలరు; తన పుస్తకము చెదలు పట్టని ఒక చోటనైన నిలుచునని సంతోషించువాడను నేను. తపాలా శాఖ చిరకాలముగా నడపిన చవుక పుస్తకాల పద్ధతి 2024 డిసెంబరులో ఆగిపోయినపుడు చిన్న ప్రకాశకులు కలవరపడిరి. 2025 మే 1వ తేదీనుండి జ్ఞాన్ పోస్ట్ వచ్చి, 300 గ్రాముల లోపు పుస్తకమునకు 20 రూపాయలు, 5 కిలోల కట్టకు 100 రూపాయలు, పన్నులు అదనముగా నిర్ణయించుటతో కొంత ఊపిరి పీల్చుకొనిరి.

అమ్మకము అన్నిటికంటె కష్టమైనది. భారతి వంటి మాసపత్రిక 1924లో పుట్టి 1991లో ఆగినది. అట్టి పత్రికలు ఉన్ననాడు కథను పాఠకుని యింటికి చేర్చు బాధ్యత వానిది. నేడు ఆ బాధ్యత కథకుని భుజము మీదికి వచ్చినది. ఆవిష్కరణ సభలో శాలువాలు వచ్చును, కొనుగోలుదారులు అంతగా రారు. డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శనమున బల్ల వెనుక నిలిచి, వచ్చినవారు పుస్తకమును త్రిప్పి వెల చూచి మరల పెట్టివేయుటను పదినాళ్లు సహించవలెను. ఎవరు ఏ పుటను తెరచి, ఎచ్చట ఆగి, ఎచ్చట మూసిరో కన్నులార చూచుట రచయితకు తగిన శిక్షయు, శిక్షణయు కూడ.

రెండవ మూట మొదటి మూటకు చదువు చెప్పుట ఇచ్చటనే. నా కథలలో నాచారము కార్ఖానాలో లేతు నడపు యువకుని కథ యొకటి కలదు. శ్రమజీవి దైన్యము కంటికి కట్టునట్లు, చిరిగిన చేతిజోళ్లు తొడిగి అతనిని యంత్రము ముందు నిలిపితిని. సమీక్షకులు ఆ చిరుగులను మెచ్చుకొనిరి. ఒకనాడు కార్ఖానా గేటు కడ ఆ పుస్తకమును కొన్న పనివాడొకడు వారము తరువాత మరల కనబడి, డబ్బు వాపసు అడుగునేమో యని నేను జంకుచుండగా, మెల్లగా ఇట్లనెను: “కత మంచిగనే ఉన్నది సారూ. గని లేతు కాడ గ్లౌజులు ఎవ్వలు ఏస్కోరు. తిరిగే చక్కుకు చిక్కిందంటే చెయ్యే గుంజుకపోతది.”

ఆళ్వారుస్వామి పదునేడేండ్లు మూట మోసిన పిమ్మటనే ఆ నవలను లోకమునకు ఎందుకిచ్చెనో ఆ గేటు కడ నాకు కొంత బోధపడినది. ఊరూర తిరిగి పుస్తకములమ్మినవానికి ప్రతి వాకిటను ఇట్టి దిద్దుబాటు ఒకటి దొరకి యుండును. నా పుస్తకము రెండవ ముద్రణమునకు వచ్చినది. అందు ఆ యువకుడు ఒట్టి చేతులతోనే లేతు కడ నిలిచియున్నాడు.