షాడోరన్ (ఆట)

షాడోరన్ ఒక రోల్ ప్లేయింగ్ గేమ్. అనగా, బల్ల చుట్టూ కూర్చున్న ఆటగాళ్ళు తలా ఒక పాత్రను ధరించి, మాటలతోను పాచికలతోను ఒక కథను నడిపే ఆట. దీనిని 1989లో అమెరికాలోని చికాగో నగరానికి చెందిన ఫాసా కార్పొరేషన్ ప్రచురించింది. బాబ్ షారెట్, పాల్ హ్యూమ్, టామ్ డౌడ్ దీని ప్రధాన రూపకర్తలు. కంప్యూటర్లు, బహుళజాతి సంస్థలు, కృత్రిమ అవయవాలతో నిండిన సమీప భవిష్యత్తులోకి మంత్రశక్తి తిరిగి వచ్చినచో లోకం ఏ విధంగా మారుతుందన్నది ఇందలి ఇతివృత్తం. ఆధునిక ప్రపంచంలో మంత్రాలను ప్రవేశపెట్టి, అనేక కూర్పులపాటు సాగే కథను రూపొందించదలచిన వారికి ఈ ఆట ఒక మంచి పాఠం. ఇటువంటి దీర్ఘకథను కాంపెయిన్ అని, దానిని నడిపే వ్యక్తిని గేమ్‌మాస్టర్ అని అంటారు.

నేపథ్యం

1974లో వెలువడిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ కత్తులు, కోటలు, మాంత్రికుల లోకాన్ని బల్లమీది ఆటలకు పరిచయం చేసింది. విలియం గిబ్సన్ రచించిన న్యూరోమాన్సర్ నవల (1984) తరువాత సైబర్‌పంక్ అనే సాహిత్యధోరణి ప్రబలి, 1988లో అదే పేరుతో మైక్ పాండ్‌స్మిత్ రూపొందించిన ఆట కూడా వచ్చింది. షాడోరన్ ఈ రెండు ధోరణులను ఒకే నగరంలో, ముఖ్యంగా సియాటిల్ వీధులలో, కలిపింది. ఈ కలయిక గిబ్సన్‌కు ఏమాత్రం నచ్చలేదు. తన ఊహాలోకంలో దేవకన్యల వంటి ఎల్ఫ్‌లు తిరగడం పట్ల ఆయన తన విముఖతను బాహాటంగానే వ్యక్తం చేశాడు.

కల్పిత చరిత్ర

తొలి ప్రతిలోని కథ 2050లో జరుగుతుంది. ఆ కల్పన ప్రకారం 2011 డిసెంబరు 24న జపానులోని ఫ్యూజీ పర్వతం వద్ద ర్యుమ్యో అనే మహాసర్పం బుల్లెట్ రైలు ప్రయాణికుల కంటపడింది. అప్పటికే కొందరు మానవ దంపతులకు ఎల్ఫ్‌లు, మరుగుజ్జులు శిశువులుగా పుట్టసాగారు. 2021 ఏప్రిల్ 30న జనాభాలో పదింట ఒకరు ఉన్నట్టుండి ఓర్క్‌లుగా, ట్రోల్‌లుగా మారిపోయారు. మరొకవైపు, పెద్ద వ్యాపారసంస్థలు దేశాల చట్టాలు తమకు వర్తించని స్థితికి ఎదిగాయి. ఆటగాళ్ళు ధరించే పాత్రలు ఆ సంస్థల తరఫున చాటుమాటు పనులు చేసిపెట్టే కిరాయి మనుషులు. వారిని షాడోరన్నర్లు అంటారు. పని అప్పగించే అజ్ఞాత మధ్యవర్తి ఎవరైనా అతని పేరు మిస్టర్ జాన్సనే.

మంత్రానికి, యంత్రానికి మధ్య హద్దు

రెండు శక్తులనూ ఒకేచోట పెట్టినప్పుడు రూపకర్తకు ఎదురయ్యే చిక్కు ఒకటి ఉన్నది. మంత్రంతో ఏదైనా సాధ్యమైనచో యంత్రంతో పని ఉండదు. యంత్రమే చాలునన్నచో మంత్రం ఉత్త అలంకారమవుతుంది. షాడోరన్ దీనికి ఎసెన్స్ అనే కొలమానంతో సమాధానమిచ్చింది. దీనిని జీవసారం అనవచ్చు. ప్రతి పాత్రకు ఇది 6తో మొదలవుతుంది. శరీరంలో యంత్రభాగం అమర్చుకున్న ప్రతిసారీ కొంత తరుగుతుంది. ఉదాహరణకు, నాడులలో తీగలు పొదిగి చురుకుదనం పెంచే వైర్డ్ రిఫ్లెక్సెస్ అనే అమరిక తొలి స్థాయికే 2 ఖర్చవుతుంది. సారం పూర్తిగా తరిగిపోతే మరణమే. మాంత్రికునికైతే దానితోపాటు మంత్రబలం కూడా తగ్గుతుంది. సారంలో దశాంశమంత తరిగినా మంత్రబలంలో ఒక పూర్తి అంకె పోతుంది. కావున యంత్రపు కన్ను కావాలో, మంత్రం కావాలో ఆటగాడు ఎంచుకొనక తప్పదు. ఇదేమీ పైనుంచి వచ్చిన నిషేధం కాదు, ఒక బేరం. ఆట రుచి అంతా ఆ బేరంలోనే ఉన్నదని చెప్పవచ్చు.

మిగిలిన హద్దులు కూడా ఇట్టివే. మంత్రం వేసినవారికి డ్రెయిన్ అనే అలసట కలుగుతుంది. లక్ష్యం కంటికి కనబడితేనే మంత్రం పనిచేస్తుంది. అద్దంలోని ప్రతిబింబం చాలును గాని, కెమెరా తెరమీది బొమ్మ పనికిరాదు. శరీరాన్ని విడిచి సూక్ష్మరూపంలో తిరిగే మాంత్రికుడు ఇటుకగోడలోనుండి దూసుకుపోగలడు, కాని కంప్యూటర్ తెరమీది అక్షరాలు చదవలేడు. జీవమున్న వస్తువును దాటి పోలేడు కూడా. బాలనాగమ్మ కథలోని మాయల ఫకీరు అంతటివానికి కూడా ప్రాణం చిలుకలో ఉండబట్టే కథ కంచికి చేరింది.

కాంపెయిన్ రూపకల్పన

ఈ నియమాలనుండి లోకం దానంతటదే పుట్టుకొస్తుంది. సూక్ష్మరూపులు జీవాన్ని దాటలేరు గనుక సంస్థలు తమ భవనాల గోడలకు తీగమొక్కలు పెంచుతాయి. చూపు లేనిదే మంత్రం లేదు గనుక మాంత్రిక ఖైదీల తలకు ముసుగు తొడుగుతారు. గేమ్‌మాస్టర్ అనుసరించవలసిన మార్గం ఇదే. మంత్రం ఏమి చేయగలదో నిర్ణయించిన తరువాత, దానికి భయపడే కావలివాడు ఏమి చేస్తాడు, దానితో లాభపడే వ్యాపారి ఏమి చేస్తాడు, దానివలన పని పోయినవాడు ఎక్కడికి పోతాడు అని అడుగుతూ పోవాలి. రహస్యపత్రాలు దొంగిలించే ఒక సాధారణ పనిని తీసుకున్నా, మాంత్రికుడు కాపలాదారుని ఏమార్చాలి, కంప్యూటర్ నిపుణుడు తాళం తీయాలి, ఆయుధధారి వారిని బయటపడవేయాలి. ఒకరి పని మరొకరు చేయలేని విధంగా ఘట్టాన్ని అల్లితేనే బల్ల చుట్టూ ఉన్న అందరికీ పాలు దక్కుతుంది.

తొలి ప్రతులలో ఈ విషయంలోనే ఒక లోపముండేది. కంప్యూటర్ నిపుణుడు మేట్రిక్స్ అనే కల్పిత జాలంలోకి ఒంటరిగా ప్రవేశించినప్పుడు, అతని వంతు ముగిసేవరకు మిగిలినవారు చేతులు ముడుచుకొని కూర్చొనవలసి వచ్చేది. 2005నాటి నాలుగవ ప్రతి జాలాన్ని తీగరహితంగా మార్చి, నిపుణుడు కూడా తోటివారితో కలసి నడిచే వీలు కల్పించింది.

ఘోస్ట్ డాన్స్

ఈ ఆటలో అత్యంత వివాదాస్పదమైన అంశం మంత్రశక్తికి ఎంచుకున్న మూలం. కల్పిత చరిత్రలో డేనియల్ హౌలింగ్ కొయోటి నాయకత్వాన అమెరికా ఆదివాసులు మహా ఘోస్ట్ డాన్స్ జరిపి, 2017లో హుడ్, రెయినియర్, సెయింట్ హెలెన్స్, ఆడమ్స్ పర్వతాలను బద్దలు చేస్తారు. 2018 డెన్వర్ ఒప్పందంతో ఖండపు పశ్చిమభాగంలో అధికభాగం వారికి దక్కుతుంది.

ఘోస్ట్ డాన్స్ అనేది కల్పన కాదు. 1889లో నెవడాకు చెందిన వోవోకా అనే పైయూట్ తెగ ప్రవక్త బోధించిన నిజమైన మతోద్యమం అది. గతించిన పెద్దలు తిరిగివస్తారని, పాతకాలం మళ్ళీ వస్తుందని దాని విశ్వాసం. వోవోకా యుద్ధం వద్దనే బోధించాడు. అది లకోటా ప్రజలలో వ్యాపించినప్పుడు ప్రభుత్వం భయపడి సైన్యాన్ని పంపింది. 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ వద్ద స్త్రీలు, పిల్లలతో సహా రెండువందలకు పైగా లకోటాలు హతులయ్యారు.

ఓడినవారిని గెలిపించడం ఊహలోనైనా న్యాయమేనని కొందరికి తోచవచ్చు. అయితే శాంతిని కోరిన ఒక ప్రార్థనను కొండలు పేల్చే ఆయుధంగా మార్చడంలో, నాటి సైన్యపు భయమే నిజమన్నట్లు ధ్వనిస్తుంది. ఈ నేపథ్యంతో ఆడదలచిన గేమ్‌మాస్టర్ అసలు చరిత్రను ముందుగా చదువుకొనడం అవసరం. ఆదివాసీ రాజ్యాలను కేవలం మంత్రగాళ్ళ నెలవులుగా కాక, న్యాయస్థానాలు, పన్నులు, పక్షభేదాలు గల దేశాలుగా చూపినప్పుడు కథ కూడా బలపడుతుంది.

ప్రతులు

రెండవ ప్రతి 1992లో, మూడవది 1998లో వెలువడ్డాయి. 2001లో ఫాసా మూతపడిన తరువాత హక్కులు చేతులు మారి, నాలుగవ ప్రతిని 2005లో ఫాన్‌ప్రో ప్రచురించింది. అయిదవ (2013), ఆరవ (2019) ప్రతులు కేటలిస్ట్ గేమ్ ల్యాబ్స్ ద్వారా వచ్చాయి. కంప్యూటర్ ఆటలలో షాడోరన్ రిటర్న్స్ (2013), డ్రాగన్‌ఫాల్ (2014), హాంగ్‌కాంగ్ (2015) పేర్కొనదగినవి.