రాజకుమారుడి మూట ఎక్కడ?

పిల్లలూ! మీరు బాన్సువాడ దగ్గరి మహమ్మద్ నగర్‌లో ఇంటి అరుగుమీద కూర్చుని, ఒక రాజకుమారుడి బొమ్మ గీస్తున్నారనుకోండి. అతడు ఏడు కొండలు దాటి మాంత్రికుడి గుహకు బయలుదేరాడు. తలకు కిరీటం పెట్టారు, చేతికి కత్తి ఇచ్చారు. బాగానే ఉంది. కాని దారిలో తినడానికి అటుకులేవీ? చలికి కప్పుకునే గొంగడి ఏదీ? నీళ్లకు సొరకాయ బుర్ర ఏదీ? ఇవి లేకపోతే, చూసేవాళ్లు "ఇతడు ఎక్కడికీ పోవడంలేదు, ఊరికే నిలబడ్డాడు" అనుకుంటారు!

రాక్షసులూ, మాయలూ ఉన్న బొమ్మలో అయినా సరే, మూట మాత్రం నిజమైనదిగా కనిపించాలి. అప్పుడే మనం మిగతా మాయనంతా నమ్ముతాం. మరి చిత్రకారులు అటువంటి మూటను ఎక్కడినుంచి తెస్తారు? తమ చుట్టూ బరువులు మోసే మనుషుల దగ్గరనుంచే.

శ్రవణకుమారుడి బొమ్మ చూశారుగదా? చూపులేని తల్లిదండ్రులను కావడిలో కూర్చోబెట్టి తీర్థయాత్రకు తీసుకుపోతుంటాడు. ఆ కావడి ఏ చిత్రకారుడో కల్పించినది కాదు. మన పల్లెల్లో నీళ్లకుండలు మోసిన కావడే అది. కుండలు తీసి బుట్టలు కట్టారు, అంతే!

కావడిలో చిన్న లెక్క ఉంది. రెండు వైపులా బరువు సమానమైతే భుజం బద్దకు సరిగ్గా మధ్య ఉంటుంది. ఒకవైపు 20 కిలోలు, రెండోవైపు 10 కిలోలు ఉంటే? బద్ద పొడవు 150 సెంటీమీటర్లు అనుకుందాం. బద్ద బరువును లెక్కలోకి తీసుకోకపోతే, భుజం పెద్ద బరువుకు 50 సెంటీమీటర్ల దూరంలో, చిన్న బరువుకు 100 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఇరవైని యాభైతో, పదిని నూరుతో హెచ్చించి చూడండి. రెండూ వెయ్యే! అయితే భుజంమీద పడే బరువు మాత్రం మొత్తం 30 కిలోలూను. ఇక శ్రవణుడి తండ్రి తల్లికన్న బరువైతే, భుజాన్ని ఏవైపు జరిపి గీయాలో మీరే చెప్పండి.

భేతాళుణ్ణి మోసే విక్రమార్కుడి సంగతి చూద్దాం. 1952లో 'చందమామ'లో చేరిన చిత్రకారుడు శంకర్ గీసిన ఆ బొమ్మ ఎందరికో గుర్తే: భుజాన శవం, చేత కత్తి. మీరూ అటువంటి బొమ్మ గీయాలంటే, ముందు చంకన నీళ్లబిందె పెట్టుకుని నడిచే మనిషిని చూడండి. ఒంటివైపు బరువు మోసేవారు రెండోవైపుకు కొద్దిగా ఒరుగుతారు. అలా ఒరగకపోతే పడిపోతారు. బొమ్మలో ఆ ఒరుగుడు లేకపోతే శవం దూదిమూటలా కనిపిస్తుంది!

ఇది మన దేశపు ముచ్చట మాత్రమే కాదు. ఇంగ్లండుకు చెందిన టోల్కీన్ అనే రచయిత 1911లో, పడుచువాడుగా ఉన్నప్పుడు, వీపున పెద్ద మూట వేసుకుని స్విట్జర్లాండు కొండల్లో కాలినడకన తిరిగాడు. 1937లో వెలువడిన 'ది హాబిట్' అనే మాయాకథలో ఆ నడకే కొండలు దాటే ప్రయాణమయింది. ఆ పుస్తకానికి బొమ్మలు కూడా ఆయనే గీశాడు.

ఇప్పుడు మీ బొమ్మ దగ్గరకు తిరిగి రండి. గీయడం కాసేపు ఆపి, పొలాలవైపు వెళ్లండి. నెత్తిన చుట్టకుదురు పెట్టి గడ్డిమోపు ఎత్తుకున్నవారి మెడ ఎంత నిటారుగా ఉందో గమనించండి. ట్రాక్టర్లూ, కుళాయిలూ వచ్చాక కావళ్లు కనిపించడం తగ్గిపోయింది. అందుకని తాతను అడగండి: "తాతా, కావడి ఎట్ల మోసేటోళ్లు? తాడు ఎట్ల కట్టేటోళ్లు?" తాత చెప్పకపోతే, మీరు అడగకపోతే, రేపు శ్రవణకుమారుణ్ణి గీసేవారికి ఆ ముడి తెలియదు.

తెలుసుకుని వచ్చి, మీ రాజకుమారుడి భుజాన ఒక మూట వేయండి. అతడు ఇక తప్పకుండా నడుస్తాడు!