గలిజేరు: గుర్తెరిగి వండవలసిన కూర

తొలకరి జల్లులు పడిన పది పదిహేను దినములకు పెరళ్ళలోను, పొలము గట్లమీదను నేలబారుగా పరచుకొను మొక్కలలో గలిజేరు ఒకటి. వేసవిలో పైభాగమెల్ల ఎండిపోయినను, నేలలోని లావైన వేరు నిలిచియుండి వానకు మరల చిగిర్చును. కనుకనే సంస్కృతమున దీనికి ‘పునర్నవ’ అని పేరు. వాపును హరించునది గావున ‘శోథఘ్ని’ అనియు అందురు. చరకసంహిత దీనిని వయఃస్థాపన ద్రవ్యములలో చేర్చినది.

మా గురుకులమున ఈ పాఠము పొలము గట్టుపైననే జరిగెడిది. గురువుగారు రెండు మొక్కలు పెరికి చేతికిచ్చి, “వీనిలో పునర్నవ ఏది?” అని అడిగెడివారు. ఆ ప్రశ్న నేటికిని అవసరమే. ఏలయన, గలిజేరు అను ఒకే పేరుతో రెండు మొక్కలు వ్యవహారములో నున్నవి.

భేదమును గుర్తించుట

మొదటిది అటికమామిడి. ఆకులు జంటలుగా పుట్టును. జంటలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆకు అడుగుభాగము పాలిపోయి యుండును. సన్నని పొడవైన కాడల చివర గులాబివన్నె చిరుపూలు పూయును. జిగురు కాయలు బట్టలకు అంటుకొనును. పునర్నవాసవము, పునర్నవా మండూరము మున్నగు యోగములలో చేరునది దీని వేరు.

రెండవది తెల్ల గలిజేరు. ఆకులు దళసరిగా, కండపట్టి యుండును. పూవులు కాడ లేక ఆకు మొదట ఒక్కొక్కటిగా ఒదిగి యుండును. కాయలో నల్లని గింజలుండును.

రెండింటి లేత ఆకులను కూరగా వాడుట కలదు.

వండు విధానము

లేత ఆకులను మట్టిపోవ కడిగి, మరుగునీటిలో ఐదు నిమిషములు ఉడికించి, ఆ నీటిని పారబోయవలెను. పిమ్మట పెసరపప్పుతో ఉడికించి, ఉప్పు, పసుపు చేర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిరపకాయలతో తాలింపు పెట్టవలెను. నీరు పారబోయుట మన పెద్దల అలవాటు. మూత్రపిండములలో రాళ్ళకు కారణమగు ఆక్జలేట్లు కొంతవరకు ఆ నీటితో పోవునని నేటి శాస్త్రము కూడ చెప్పుచున్నది. ఆరోగ్యవంతులు వారమునకు ఒకటి రెండు మార్లు తినిన చాలును.

ఒక హెచ్చరిక

కొన్ని సంవత్సరముల క్రితము మూత్రపిండముల వ్యాధి ముదిరిన రైతు ఒకరు నా యొద్దకు వచ్చిరి. సెల్‌ఫోనులో వచ్చిన సందేశమును నమ్మి, వరుసగా రెండు మార్లు డయాలసిస్ మాని, పూటపూటకు గలిజేరు రసము త్రాగుచుండిరి. కాళ్ళు పొంగినవి, ఆయాసము మిక్కుటముగా నుండెను. వెంట తెచ్చిన ఆకును చూచితిని. అది పునర్నవయే కాదు, తెల్ల గలిజేరు! నేను మందు వ్రాయక వెంటనే ఆసుపత్రికి పంపితిని. రక్తములో పొటాషియము మితిమీరినదని అక్కడ తేలెను. దైవకృపచే ఆయన బ్రతికిరి.

ఆ ఆకు పునర్నవయే అయినను ముప్పు తప్పెడిది కాదు. ఆకుకూరల యందలి పొటాషియమును ఆరోగ్యముగల మూత్రపిండములు విసర్జించును; చెడినవి విసర్జింపలేవు. అది రక్తములో పేరుకొనినచో గుండె ఆగిపోవచ్చును. కావున మూత్రపిండ రోగులును, రాళ్ళు గలవారును, గర్భిణులును వైద్యుని అడుగక దీనిని ముట్టరాదు. కలుపుమందు చల్లిన చేలలోను, మురుగుకాల్వల ప్రక్కను పెరిగిన ఆకును ఎవ్వరును కోయరాదు.

వాపును హరించునని శాస్త్రము చెప్పిన మాట సత్యము. కాని ఏ వాపునకు, ఏ రోగికి, ఎంత మాత్ర అని నిర్ణయించుట వైద్యుని ధర్మము. పప్పులో కలిసినంతవరకే అది ఇల్లాలి చేతిది.