ప్రకరణమును వాక్యార్థమును: యిర్మీయా లేఖ

భోజనమునకుఁ గూర్చుండిన యజమానుఁడు సైంధవము తెమ్మనినచో సేవకుఁడు లవణమును దెచ్చును. ప్రయాణమునకు లేచి యట్లే యనినచో గుఱ్ఱమును దెచ్చును. శబ్ద మొక్కటియే యైనను బ్రకరణము వేఱగుటచే నర్థమును వేఱయ్యెను. శాస్త్రపాఠమున సుప్రసిద్ధమైన యీ న్యాయము క్రైస్తవుల బైబిలు గ్రంథమునకును వర్తించును. అందలి యొక్కొక్క వాక్యమును విడఁదీసి పటములపై వ్రాసికొని, యది తమకే చెప్పఁబడినట్లు భావించు వాడుక కలదు. ఇట్టి పఠనమున నెంత ప్రమాదము గలదో యొక్క యుదాహరణముచే విచారింతము.

బైబిలునందలి వచనసంఖ్యలు మూలకర్తలు వ్రాసినవి కావు. నేఁటి యధ్యాయవిభాగము 13వ శతాబ్ది యారంభమున స్టీఫెన్ లాంగ్టనుచే నేర్పడినదని సామాన్యముగాఁ జెప్పుదురు. నూతన నిబంధనమున నేఁడు వాడుకలోనున్న వచనసంఖ్యలు 1551వ సంవత్సరమున రాబర్టు ఎస్టియెన్ను ముద్రించిన ప్రతినుండి వచ్చినవి. సంఖ్య స్థలమును జూపుటకే కాని వాక్యార్థమునకు నెల్ల గీయుటకుఁ గాదు.

యిర్మీయా గ్రంథము 29వ యధ్యాయమున 11వ వచనము మిక్కిలి ప్రసిద్ధము. దేవుఁడు తన జనులఁగూర్చి తలఁచునది కీడు గాదు మేలే యనియు, వారికి నిరీక్షింపఁదగిన భవిష్యత్తు గలదనియు దాని భావము. ఒంటిగాఁ జదివిన నది శీఘ్రముగాఁ గలుగు సుఖమునకు వాగ్దానమువలెఁ దోఁచును. కాని యది యొక లేఖలోని వాక్యము. క్రీ. పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేమును లోఁగొని, రాజగు యెకొన్యాను బెక్కండ్ర జనులతోఁగూడ బబులోనునకుఁ జెఱగొనిపోయెను. ఆ ప్రవాసులకు యిర్మీయా యెరూషలేమునుండి వ్రాసి పంపిన లేఖ యిది.

ఇఁకఁ బ్రకరణమును జూతము. 28వ యధ్యాయమున హనన్యా యను ప్రవక్త, రెండేండ్లలో బబులోను కాడి విఱుగుననియు, రాజును జెఱపట్టఁబడినవారును మరలి వత్తురనియుఁ బ్రకటించెను. యిర్మీయా దానిని ఖండించెను. తన లేఖలో నాతఁడు ప్రవాసులను ఇండ్లు గట్టికొనుఁడనియు, తోటలు నాటుకొనుఁడనియు, పెండ్లిండ్లు చేసికొని సంతతిఁ గనుఁడనియు, తాము చెఱయున్న పట్టణముయొక్క క్షేమమునకే ప్రార్థింపుఁడనియు నాదేశించెను. 10వ వచనమున గడువు 70 సంవత్సరములని చెప్పెను. అనఁగా నా లేఖను విన్న పెద్దలలోఁ బెక్కండ్రు స్వదేశమును మరలఁ జూడరు. 11వ వచనము దీనిని వెన్నంటి, దానికి హేతువుగా వచ్చినది. కావున దానిని శీఘ్రసుఖవాగ్దానముగాఁ బఠించువాఁడు యిర్మీయా నోట హనన్యా మాటనే పలికించినవాఁ డగును.

తాత్పర్యనిర్ణయమునకు మనవారు చెప్పిన యాఱు లింగములలో నభ్యాసము, అనఁగా మాటిమాటికిఁ జెప్పుట, యిట మిక్కిలి యుపకరించును. హీబ్రూ మూలమున షాలోము శబ్దము 7వ వచనమున మూడు మాఱులును, 11వ వచనమున నొక మాఱును వచ్చినది. వాడుకలోని తెనుఁగు బైబిలునందు మొదటిచోట క్షేమమనియు, రెండవచోట సమాధానమనియు నుండుటచే నీ సంబంధము మఱుఁగుపడినది. మూలమున మాత్రము 11వ వచనపు మేలు 7వ వచనమునఁ జెప్పిన శత్రునగరక్షేమముతో ముడివడియున్నది. మఱియు నిందలి 'మీరు' గౌరవవచనము గాదు, నిజమైన బహువచనము. వాగ్దానము జనసముదాయమునకుఁ జేయఁబడినది.

అట్లైన నీ వాక్యము నేఁటి పాఠకునకు నిరుపయోగమా యని శంక. కాదు. ఎవరు, ఎవరికి, ఎప్పుడు చెప్పిరని తెలిసికొనిన పిమ్మటనే నాకేమి చెప్పుచున్నదని యడుగవలెను. ఈ క్రమము స్వమతగ్రంథమును సమర్థించువానికిని, బరమతగ్రంథమును ఖండించువానికిని సమానము. పాఠశాలలలో వాక్యముల నుదాహరించు పండితు లందఱును దీనిని బాటింపఁదగును. ఇట్లు చదివినచో నీ వచనము, తాను ఫలము ననుభవింపఁబోని చెట్టును మనుమలకొఱకు నాటువానికి ధైర్యము చెప్పు వాక్యమై నిలుచును.